రంగు పడని చోటు

హైదరాబాదున 1977లో ఆరంభమైన సి.సి.ఎం.బి. పేరు వింటూ పెరిగిన పెద్ద అంబర్‌పేట విద్యార్థులము మేము. జంతుశాస్త్ర రికార్డులలో అవయవాల పటాలు ఎన్నో గీశాము. దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యుసంపద ఉండగా కాలేయము, మెదడు వేర్వేరుగా ఎట్లు రూపొందినవన్న ప్రశ్న మాత్రం మాకు తట్టలేదు. ఏ జన్యువు ఎక్కడ మేల్కొన్నదన్నదే అందలి రహస్యము. ఇన్సులిన్ జన్యువు దేహమంతటా ఉన్నను, ప్రధానంగా పనిచేయునది క్లోమంలోని బీటా కణాలలోనే.

అమెరికాలో సియాటిల్ నగరపు ఆలెన్ సంస్థ, పలుచని మెదడు ముక్కలపై సందేశ ఆర్.ఎన్.ఏ.ను రంగుతో గుర్తించి, చిట్టెలుక మెదడులో సుమారు 20,000 జన్యువుల పటాన్ని 2006లో పూర్తిచేసింది.

అటువంటి పటమొకటి మేమూ వేశాము. అంకెలు దొరకని అవయవాలను తెల్లగా వదలి, "ఇచట ఈ జన్యువు పనిచేయదు" అని వ్రాశాము.

"పరీక్షించి లేదన్నారా, పరీక్షింపకనే లేదన్నారా?" అని అడిగారు మా అధ్యాపకులు.

మేము తలలు దించుకున్నాము. ఔషధము ఏ అవయవానికి హాని చేయునో ఇట్టి పటాలను చూచి ఊహించువారున్నారు. మా తెల్లని చోటును నమ్మినచో నష్టపోవునది రోగియే. మా ఊరి గల్లీలు పటాలలో కనబడనంత మాత్రాన అచట దీపాలు వెలుగుట లేదా?

తెలియని అవయవాలకు బూడిద రంగు వేసి, ప్రక్కన "పరీక్షింపలేదు" అని వ్రాసి, పటాన్ని తిరిగి సమర్పించాము.