పడుగు చుట్టూ నలుగురి మాట

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా వెళ్లి, అక్కడ సంస్థాన్ నారాయణపురం రోడ్డు పట్టుకుంటే పుట్టపాక చేరుకోవచ్చు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ ఊరిలో ఇద్దరు నేత కళాకారులు పద్మశ్రీలు: 2011లో గజం గోవర్ధన్, 2013లో గజం అంజయ్య. ఇక్కడ ఇక్కత్ పద్ధతిలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక్కత్ గురించి చదివినప్పుడల్లా నాకొక సందేహం వచ్చేది. చీర మీద డిజైన్ చూస్తాం, నేసిన మనిషి పేరు వింటాం. మరి ఆ డిజైన్ మొదట ఎవరికి తడుతుంది? ఎక్కడ కూర్చుని, ఎవరితో మాట్లాడి దాన్ని ఖాయం చేసుకుంటారు? అది తెలుసుకుందామనే వెళ్లాను.

పద్మశాలీల వీధిలో అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు వినిపించింది. వీధి మధ్యలో ఓ పడుగును, అంటే బట్టలో నిలువుగా ఉండే పోగులను, బారుగా చాచి కట్టారు. దానికి అటొకరు ఇటొకరు కూర్చుని ముడులు వేస్తున్నారు. దారిన పోయే పెద్దావిడ ఆగి, ఒక వరస మీద వేలు పెట్టి ఏదో అంది. కట్టే అమ్మాయి తల వంచి లెక్క చూసుకుని, ఒక ముడి విప్పి పక్కకు జరిపి కట్టింది. ఆవిడ తన దారిన తాను వెళ్లిపోయింది. ఆ పడుగు ఆవిడది కాదు, ఆ ఇల్లూ ఆవిడది కాదు. అయినా తప్పు చెప్పడానికి ఆవిడ మొహమాటపడలేదు, దిద్దుకోవడానికి ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోలేదు.

ఇక్కత్ పని ఎలా సాగుతుందో తెలిస్తే ఈ సంగతి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. మామూలు అద్దకంలో బట్ట నేశాక బొమ్మ వేస్తారు. ఇక్కత్‌లో బొమ్మ ముందు నూలు మీదికి ఎక్కుతుంది, బట్ట తర్వాత తయారవుతుంది. మొదట గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి డిజైన్ గీస్తారు. ఒక్కో గడి కొన్ని పోగుల కట్టకు గుర్తు. ఆ లెక్క ప్రకారం నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. లేత రంగులో ముంచి తీశాక మరికొన్ని చోట్ల కట్టి, ముదురు రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టాలి, విప్పాలి. పడుగులో మాత్రమే బొమ్మ ఉంటే ఒక తీరు, అడ్డంగా నేసే పేకలో మాత్రమే ఉంటే ఇంకో తీరు. పుట్టపాకకు పేరు తెచ్చింది రెండింటిలోనూ బొమ్మ ఉండే డబుల్ ఇక్కత్. పడుగు మీది ఎరుపు గడి, పేక మీది ఎరుపు గడి మగ్గం మీద సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి. నూలు వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెదిరిపోతుంది.

ఇంత పని ఒక్కరి చేతి మీదుగా జరగదు. గ్రాఫు గీసేవారు, ఆసు పోసేవారు, చిటికి కట్టేవారు, రంగు వేసేవారు, కండెలు చుట్టేవారు, నేసేవారు అందరూ కావాలి. చాలా ఇళ్లలో భార్య, భర్త, అత్త, పిల్లలు ఈ పనులు పంచుకుంటారు. ఒకరు చేసిన పని ఇంకొకరి చేతికి వెళ్లేటప్పుడు ప్రతిసారీ నాలుగు మాటలు తప్పవు. డిజైన్ ఆ మాటల్లోనే తయారవుతుందని నాకు ఒక ఇంటి వరండాలో అర్థమైంది.

ఆ ఇంటి కుర్రవాడు నగరంలో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చి, ఫోన్‌లో తీసుకున్న ఒక ఫొటో చూపించాడు. ఏదో పాత భవనంలో నేల మీద పరిచిన పలకలు, వాటి మీద ఒకదానిలో ఒకటి చిక్కుకున్న గుండ్రాలు. దాన్ని గ్రాఫు మీదికి ఎక్కించి, కొంగుకు వాడదామని అతని ఆశ. చిటికి కట్టే చిన్నమ్మ కాగితం తీసుకుని వేలితో గళ్లు లెక్కపెట్టింది.

"గీ గుండ్రాలు కష్టం బిడ్డా. వంపు సాపుగ రావాల్నంటే మెట్లు చిన్నగుండాలె. మెట్లు చిన్నగైతే ముడులు పెరుగుతయ్. రెండు దినాల పని నాలుగు దినాలైతది."

మగ్గం గుంటలో కూర్చున్న చిన్నాయన పని ఆపి చూశాడు. "మెట్లు పెద్దగ చేద్దాం. నడుమల చుక్క పెడదాం. దూరంకెళ్లి జూస్తే గుండ్రంగనే కనవడ్తది."

"చుక్క మరీ చిన్నగుంటే నేసేకాడ చెదురుతది. ఆనక నన్నే అంటవ్," అంది ఆమె.

అరగంట గడిచేసరికి గుండ్రాలు మెట్లు మెట్లుగా ఉన్న పలకలయ్యాయి. నడుమ చుక్క నాలుగు గళ్ల చదరమైంది. అంచు దగ్గర ఒక వరస తీసేశారు. కుర్రవాడు మొదట కాస్త నిరాశపడ్డాడు. కొత్త కాగితం మీద మళ్లీ గీసి చూపించేసరికి అతని ముఖం వెలిగింది. ఫొటోలో ఉన్నది నేల పలక. ఇప్పుడు కాగితం మీద ఉన్నది ఇక్కత్. ఈ మార్పు ఫలానావారిదని వేలెత్తి చూపలేం. ముడికి పట్టే సమయం ఆమెకు తెలుసు, నూలు ఎక్కడ జరుగుతుందో ఆయనకు తెలుసు, కొత్తగా ఏం చూడాలో కుర్రవాడికి తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరి ఆశకు అడ్డుపడిన చోట డిజైన్ కొత్త దారి పట్టింది.

తర్వాత వీధి చివర ఓ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన ట్రంకుపెట్టె తెరిచి పాత బట్టల ముక్కలు చాప మీద పరిచాడు. తేలియా రుమాలు ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడే రంగులు. ఎన్నో ఏళ్లనాటిదైనా మెత్తగా ఉంది, ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే సన్నగా నూనె వాసన తగిలింది. ఈ నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. రంగు గట్టిగా పట్టడానికి, బట్ట మెత్తగా చల్లగా ఉండడానికి అదే కారణం. ఒకప్పుడు చీరాల నుంచి ఈ రుమాళ్లు గల్ఫ్ దేశాల దాకా వెళ్లేవి. అక్కడివారు తలపాగాలుగా చుట్టుకునేవారు. ఆ విద్య చీరాల నుంచే ఈ ప్రాంతానికి వచ్చింది.

పాత రుమాళ్లలో గళ్లు, చదరాలతోపాటు ఏనుగులు, సింహాలు కూడా కనిపిస్తాయి. గత శతాబ్దం తొలి దశాబ్దాలకు వచ్చేసరికి గడియారాలు, విమానాలు కూడా చేరాయి. ఊహించుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. విమానాన్ని ఎవరో ఎక్కడో చూసి ఉంటారు, లేదా దాని బొమ్మ చూసి ఉంటారు. వచ్చి ఇంట్లో చెప్పి ఉంటారు. రెక్కకు ఎన్ని మెట్లు పెట్టాలో, తోక ఎక్కడ ఆపాలో వరండాలో కూర్చుని తేల్చుకుని ఉంటారు. నేల పలకల ఫొటో పట్టుకొచ్చిన కుర్రవాడు చేసింది కూడా అదే పని.

పెద్దాయన్ను ఒక సంగతి అడిగాను. మీరు కష్టపడి తీసిన డిజైన్ పక్కింటివాళ్లు నేస్తే బాధ అనిపించదా? ఆయన తడుముకోకుండా చెప్పాడు. "కొత్తది తీసినోడికి మొదటి నాలుగు చీరల గిరాకీ ఉంటది. ఆనక అందరు నేస్తరు. నేను గూడ అట్లనే నేర్చిన బిడ్డా. పక్కింటాయన నేస్తే రంగు మారుస్తడు, అంచు మారుస్తడు. అది జూసి నేను ఇంకోటి తీస్త."

ఆ మాటలో ఈ విద్య చరిత్ర మొత్తం ఉంది. గుజరాత్‌లోని పాటన్ పటోలా నుంచి ఏనుగు, చిలుక ఇక్కడికి వచ్చాయి. ఇక్కడి నూలుకు, ఇక్కడి లెక్కకు తగినట్టు రూపు మార్చుకున్నాయి. రుమాళ్లు నేసిన చేతులు చీరలు నేర్చాయి, నూలు తెలిసిన ఇళ్లలోకి పట్టు వచ్చింది. చూసి నేర్చుకుని, మార్చి తిరిగి ఇవ్వడం ఇక్కడ మర్యాద. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఈ మర్యాదకు దగ్గరగానే ఉంది. ఆ హక్కు ఏ ఒక్క మనిషికీ చెందదు. ఆ నేలమీద ఆ పద్ధతిలో పనిచేసేవారందరికీ చెందుతుంది. డిజైన్ పదిమంది మాటల్లో పుట్టినప్పుడు హక్కు కూడా పదిమందిది కావడమే న్యాయం.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికీ, దూరంగా ఎక్కడో మిల్లులో ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చుకొట్టి అమ్మడానికీ చాలా తేడా ఉంది. పక్కింటాయన తీసుకున్నది మారి మళ్లీ వీధికే వస్తుంది. అచ్చు బట్ట తీసుకోవడమే తప్ప తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. పైగా తక్కువ ధరకు దొరికి నేతగాడి గిరాకీని తినేస్తుంది. కొనేవారికి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అసలైన ఇక్కత్‌లో నూలుకే రంగు ఉంటుంది కాబట్టి బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. అచ్చు బట్టను తిప్పి చూస్తే వెనకవైపు వెలిసినట్టుంటుంది, ముందువైపు గీత కత్తితో కోసినట్టుంటుంది.

నగరాల నుంచి డిజైనర్లు, డిజైన్ విద్యార్థులు కూడా ఇక్కడికి వస్తుంటారు. వాళ్ల గురించి వీధిలో రెండు రకాల మాటలు విన్నాను. కొందరు కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మ తెచ్చి, ఉన్నదున్నట్టు దించమంటారట. అది నూలుకు లొంగదు, చివరికి ఇద్దరికీ అసంతృప్తే మిగులుతుంది. ఇంకొందరు రెండు రోజులు చిటికి దగ్గర కూర్చుని, స్వయంగా ముడి వేసి చూసి, ఆ తర్వాత కాగితం తీస్తారట. అలాంటి ఒకమ్మాయి సూచనతోనే ముదురు రంగుల మధ్య బూడిదరంగు వాడడం మొదలుపెట్టానని ఒక నేతన్న నాకు చీర విప్పి చూపించాడు. ఆ రంగు కలపడంలో తన ఇంటావిడ పడ్డ తిప్పలు కూడా చెప్పాడు. బయటి చూపు వీధిలోని అనుభవంతో కూర్చుని మాట్లాడినప్పుడు రెండూ ఎదుగుతాయి.

అయితే ఈ సంభాషణలో అందరి గొంతుకూ సమానమైన విలువ దక్కడం లేదు. ఆసు పోయడమే చూడండి. పేక నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పాలి. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు. తరతరాలుగా ఆడవాళ్ల భుజాలు ఆ పనికే అరిగాయి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే నొప్పి చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అన్ని అవార్డుల కథల్లోకీ నాకు ఇది ఎక్కువ ఇష్టం. నేతలో మరీ కొత్తదైన ఆ ఆలోచన పుట్టింది ఒక కొడుకు తల్లి నొప్పిని పట్టించుకోవడంలో.

చిటికి కట్టే చిన్నమ్మ పేరు మాత్రం ఏ చీర మీదా ఉండదు. గ్రాఫును మార్చింది ఆమె, నాలుగు రోజుల పనిని రెండు రోజులకు కుదించి బొమ్మను నిలబెట్టింది ఆమె. సంతలో, షోరూములో, పోటీలో నేసినవారి పేరే వినిపిస్తుంది. ఆమె కూలి చీర ధరలో ఎక్కడో కలిసిపోతుంది. ఊళ్లో పిల్లలు చాలామంది హైదరాబాద్‌లో ఉద్యోగాలు చూసుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. గ్రాఫు పుస్తకాల్లో భద్రం చేసుకోవచ్చు, రంగుల కొలతలు రాసుకోవచ్చు, పాత రుమాళ్లు మ్యూజియంలో దాచుకోవచ్చు. "చుక్క చిన్నగుంటే చెదురుతది" అని సమయానికి చెప్పే మనిషిని దాచుకోలేం. ఆ మాట నిలవాలంటే ఆ మనిషి ఆ వరండాలోనే బతకగలగాలి, ఆమె పనికి గిట్టుబాటు కూలి ఉండాలి.

కొనేవారిగా మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. చేనేత సంఘం దుకాణంలోనో, నేసినవారి దగ్గరో కొనండి. బట్టను రెండు వైపులా తిప్పి చూడండి. నేసిందెవరని అడిగినట్టే, చిటికి కట్టిందెవరని కూడా అడగండి. పదిమంది అడిగితే దుకాణంవాళ్లు ఆ పేరు కూడా చీటీ మీద రాస్తారు. పేరు రాసిన చోట కూలి లెక్క కూడా అడగడం తేలికవుతుంది.

ఆ కుర్రవాడి డిజైన్‌కు పడుగు సిద్ధం చేస్తామని చిన్నాయన చెప్పాడు. ముందు ఒక్క కొంగు వరకు కట్టి చూసి, కుదిరితే మిగతా చీరలకు ఎక్కిస్తారట. రంగు ఏదో ఇంకా తేలలేదు. ఇటుక రంగు బాగుంటుందని కుర్రవాడు, నల్లంచు లేకపోతే బొమ్మ లేవదని చిన్నమ్మ పట్టుబడుతున్నారు. నా అభిప్రాయం కూడా అడిగారు. నేను నల్లంచు వైపే మొగ్గాను.