కణాల తరగతిలో

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, ముప్ఫై ఆరేళ్ళ వయసులో కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో బయోటెక్నాలజీ సర్టిఫికెట్ కోర్సులో చేరానని చెప్తే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కమ్యూనిటీ వాళ్ళదే అది?" అని. నవ్వొచ్చింది గానీ అమ్మనేం అనగలం? మన దగ్గర ఆ మాటకి కులమనే కదా అర్థం. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే ఆ చుట్టుపక్కల జనం కోసం ప్రజల డబ్బుతో నడిచే కాలేజీ. మార్కులడగరు, వయసడగరు. రాష్ట్రంలో ఏడాదికి పైగా నివాసమున్నట్టు రుజువు చూపిస్తే యూనిట్‌కి 46 డాలర్లు. నేను చదివిన చదువులన్నిట్లోకీ 'నీకెందుకమ్మా ఇది?' అని గేటు దగ్గర ఎవరూ ఆపని చోటు ఇదొక్కటే. ఆ ప్రశ్న బంధువులడిగారు లెండి, తీరిగ్గా.

బయోటెక్నాలజీయే ఎందుకంటే పెద్ద ఆశయమేమీ లేదు. మేముండేది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా. 1976లో జెనెన్‌టెక్ కంపెనీ పుట్టిందిక్కడే. 1978లో బాక్టీరియా చేత మనిషి ఇన్సులిన్ తయారు చేయించిన పరిశోధనలో వాళ్ళ పాత్ర ఉంది. 1982లో ఆ ఇన్సులిన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పట్నించీ ఈ ప్రాంతంలో మందులు తయారు చేసే కంపెనీలకి ల్యాబులో చేతులు కావాలి, వాటిని తయారుచేసే పనిలో కమ్యూనిటీ కాలేజీలున్నాయి. తెలుగు పాఠం చెప్పడానికి ఇక్కడ ఎన్ని ఉద్యోగాలుంటాయో మీకు తెలుసు.

నా వీసా పేరు హెచ్-4. అంటే 'డిపెండెంట్'. స్త్రీల ఆర్థిక స్వాతంత్య్రం మీద సెమినార్లలో పత్రాలు చదివిన మనిషి, ప్రతి ఫారంలోనూ ఆ గడి దగ్గర టిక్కు పెట్టుకుంటూ ఆరేళ్ళు గడిపింది. చదువుకోవచ్చు, జీతం తీసుకోకూడదు. 2015లో వచ్చిన నిబంధన వల్ల, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్యకి పని అనుమతి దొరికే వీలుంది. నాకది పోయినేడు వచ్చింది. నా డాక్టరేట్‌తో దానికేం సంబంధం లేదు, ఆయన కాగితంతోనే సంబంధం.

క్లాసు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా. నా బెంచీలో వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసే ఫిలిప్పీన్స్ ఆవిడ, ఇద్దరు పిల్లల్ని అక్క దగ్గర వదిలొచ్చే మెక్సికన్ అమ్మాయి, అప్పుడే స్కూలు దాటిన కుర్రాడు. మొదటి నెలంతా పిపెట్ పట్టుకోవడమే. బొటనవేలు మొదటి మెట్టు దగ్గర ఆగాలి, కొనని ద్రవంలో ముంచి నెమ్మదిగా వదలాలి, దించేటప్పుడు మాత్రమే రెండో మెట్టు దాకా నొక్కాలి. ఫిలిప్పీన్స్ ఆవిడ చెయ్యి అసలు వణకదు. వణికే ముసలివాళ్ళ చేతుల్లో సూదులు గుచ్చిన చెయ్యి మరి. ఆ నైపుణ్యానికి ఇన్నాళ్ళూ ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే.

నాకు తేలిగ్గా అబ్బింది వేరేది, రికార్డు రాయడం. మందుల తయారీలో ఒక కట్టుబాటు ఉంది. రాయని పని జరగనట్టే లెక్క. చెరగని సిరాతో రాయాలి. పొరపాటు వస్తే దిద్దకూడదు, కింది అక్షరం కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన పొడి సంతకం, తేదీ వెయ్యాలి. తాళపత్ర ప్రతుల పాఠభేదాలు చూసిన నాకు ప్రాణం లేచొచ్చింది. కొట్టివేతని దాచకుండా బతకనిచ్చే శాస్త్రం! అయితే ఇంట్లో ఆడవాళ్ళు చేసేదంతా ఏ రికార్డులోకి వస్తుంది అని కూడా అనిపించింది. ఆ మాట మనం ఎప్పట్నించో అంటున్నదే.

రెండో సెమిస్టర్‌లో కణాల పెంపకం. లేత గులాబీ రంగు ద్రవంలో, 37 డిగ్రీల పెట్టెలో పెరుగుతాయి. ద్రవం పసుపుకి తిరిగితే వాటికి తిండి అయిపోవచ్చిందని గుర్తు. మేం పెంచినవి 'చో' కణాలు. విడమర్చి చెప్తే, చైనీస్ హామ్‌స్టర్ అనే ఎలుకజాతి ఆడప్రాణి అండాశయం నుంచి వచ్చినవి. 1957లో థియోడర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు వేరు చేసిన ఆ కణాల సంతతిలోనే ఇవాళ ఎన్నో ప్రొటీన్ మందులు తయారవుతున్నాయి. రొమ్ము క్యాన్సర్‌కిచ్చే హెర్సెప్టిన్ కూడా. నా థీసిస్ తెలుగు కథల్లో స్త్రీ శరీరం గురించి. గర్భసంచి, అండం అనే మాటలు అందులో ఎన్నిసార్లు రాశానో! మైక్రోస్కోపు కింద అవి అంటుకుని, విడిపోయి, రెండవుతుంటే చూస్తూ కూచున్నాను. ఏ రూపకమూ తోచలేదు. హాయిగా ఉండింది.

హీలా కణాల గురించి టీచర్ ఒకే ఒక స్లయిడ్ చూపించింది. హెన్రియెటా లాక్స్, నల్లజాతి స్త్రీ, పొగాకు చేలల్లో పనిచేసింది, అయిదుగురు బిడ్డల తల్లి. 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి వైద్యం చేస్తూ, ఆవిడనడక్కుండా ముక్క తీసి పెంచారు. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆవిడ చనిపోయింది, కణాలు ఇప్పటికీ చావలేదు. ఇంటివాళ్ళకి ఆ సంగతి 1970లలోగానీ తెలియలేదు. ఒక కంపెనీతో కుటుంబానికి రాజీ కుదిరింది 2023లో. ఆ కణాల్లో ఉన్నది పాపిలోమా వైరస్, 18వ రకం.

ఆ వైరస్ పేరు వినగానే నాకు భద్రాచలం గుర్తొచ్చింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో, పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఆ వైరస్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్ళ పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట ఎన్నో పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2010 మార్చిలో 'సమ' మహిళా సంస్థ వాళ్ళు వెళ్ళి ఆ పిల్లలతో, తల్లులతో మాట్లాడారు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. చనిపోయిన పిల్లల మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు గానీ, సమ్మతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

క్లాసులో ఇదంతా నా ఇంగ్లీషులో చెప్పాను. టీకా చెడ్డదని కాదు, క్యాన్సర్ని ఆపగల టీకా అది, నా కూతురికి వేయిస్తాను కూడా అన్నాను. నన్ను కూచోబెట్టి, కాగితమిచ్చి, చదవనిచ్చి, అడగనిచ్చి వేస్తారిక్కడ. అదే కదా తేడా. కుర్రాడు, "కానీ పత్రం మీద సంతకం ఉంది కదా?" అన్నాడు. ఫిలిప్పీన్స్ ఆవిడ అతనికేసి చూసి, "ఎవరి సంతకం?" అంది. టీచర్ స్లయిడ్ మార్చలేదు. ఆ రోజు జెల్ ప్రయోగం మర్నాటికి వాయిదా పడింది.

కోర్సు అయిపోవచ్చింది. ఉద్యోగ సలహాలిచ్చే ఆవిడ నా రెజ్యూమె చూసి, మంచి మనసుతోనే, డాక్టరేట్ తీసెయ్యమంది. టెక్నీషియన్ పనికి అది చూస్తే భయపడతారట. ఏడేళ్ళ ఖాళీని 'కుటుంబ బాధ్యతలు' అనమంది. తియ్యలేదు నేను. తీసేస్తే ఆ ఏడేళ్ళకి ముందున్న మరో ఏడేళ్ళు కూడా ఖాళీ అవుతాయి. పదకొండు చోట్లకి పంపితే రెండు పిలుపులొచ్చాయి. మొదటి చోట అరగంట మాట్లాడి పంపేశారు. రెండోది వచ్చే మంగళవారం. రాత్రి షిఫ్టు, గంటకి ఇరవై ఆరు డాలర్లు. పొద్దున పాపని స్కూల్లో దింపే వేళకి ఇల్లు చేరగలనా అని బస్సు టైములు చూసుకుంటున్నాను.