ఎత్తవద్దన్న చెయ్యి

సంస్కృతంలో భుజమంటే చెయ్యి. చతుర్భుజుడు అన్నప్పుడు మనం తలచుకొనేది నాలుగు చేతుల దేవుణ్ణి గాని నాలుగు మూపుల దేవుణ్ణి కాదు. హిందీవారికి కూడా భుజా అంటే చెయ్యే; మూపును వారు కంధా అంటారు. తెలుగువాళ్ళం మాత్రం ఎప్పుడో ఆ మాటను పైకి జరిపి, చెయ్యి మొండెంతో కలిసే చోట నిలిపాము. ఇరవై ఏడేళ్ళుగా హిందీ పుస్తకాలను తెలుగు చేస్తూ బ్రతుకుతున్న నాకు ఈ భేదం తెలియనిది కాదు. తెలిసి కూడా నా ఒంటి విషయంలో దాన్ని మరచిపోయి, ఏడాదికి దగ్గరగా బాధ అనుభవించాను. ఆ సంగతి చెప్పుకొంటే నా వంటివారు మరొకరికి పనికివస్తుందేమో అనిపించి ఇది వ్రాస్తున్నాను.

నా వయస్సు అప్పటికి యాభై ఆరు. 2022 నవంబరులో ఒకనాటి ఉదయం కాశీలో, మా వీధినుంచి గంగకు దిగే మెట్లమీద కళ్ళు చీకట్లు కమ్మి కూలబడ్డాను. అంతకుముందు రెండు మూడుసార్లు తల తిరిగినా, రాత్రి పొద్దుపోయేదాకా చదవడంవల్ల కాబోలునని సరిపెట్టుకొన్నాను. ఆసుపత్రిలో చూస్తే నాడి నిమిషానికి 38. గుండె పైగదులలో పుట్టే విద్యుత్సంకేతం కిందిగదులకు చేరకుండా దారిలోనే ఆగిపోతున్నదని చెప్పారు. మూడవనాడు ఎడమవైపు, మెడ కింది అడ్డపుటెముకకు దిగువను, చర్మం కింద చిన్న సంచివలె చోటుచేసి పేస్‌మేకర్ అమర్చారు. దాని నుంచి రెండు సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోనికి పోతాయి. మత్తు ఆ చోటుకు మాత్రమే ఇచ్చారు గనుక వైద్యుల మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. వారు మధ్యమధ్య క్రికెట్టును గూర్చి మాట్లాడుకొంటుంటే నాకు ధైర్యం కలిగింది.

ఇంటికి పంపేటప్పుడు వైద్యుడు హిందీలో ఒక మాట చెప్పాడు. “ఆరువారాల దాకా హాథ్ కంధే సే ఊపర్ మత్ ఉఠాయియేగా” అన్నాడు. అదే మాట కాగితం మీద కూడా వ్రాసి ఇచ్చాడు. బండిలో కూర్చున్న తరువాత మా ఆవిడ, “ఏమన్నారండీ?” అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా ఆసుపత్రి హిందీ ఆవిడకు కొత్త. నేను వెంటనే, “ఎడమచెయ్యి కదపవద్దన్నారు” అని తెలుగు చేసి చెప్పాను.

నా అనువాదజీవితంలో అంతకన్న పెద్ద తప్పు ఇంకొకటి చేసినట్లు జ్ఞాపకం లేదు.

ఆనాటినుంచి నా ఎడమచెయ్యి మా ఇంట్లో అతిథి అయిపోయింది. పాత తువ్వాలు మెడకు కట్టి దానిలో పడుకోబెట్టుకొన్నాను. చొక్కా తొడగడం, స్నానానికి నీళ్ళు పోయడం అన్నీ మా ఆవిడే. బీరువా పై అరలో ఉండే సూర్యరాయాంధ్ర నిఘంటువునూ హిందీ శబ్దసాగరాన్నీ, నేను పొరపాటున చెయ్యి చాపుతానేమోనని, ఆమె ఒక్కొక్క సంపుటమే కిందికి దించి బల్లకింద పేర్చింది. నిద్రలో ఆ పక్కకు ఒత్తిగిలకుండా దిండ్లు అడ్డం పెట్టింది. ఆరువారాలు నిండినవి; సంక్రాంతి వచ్చి పోయింది. తువ్వాలు మాత్రం నా మెడను వదలలేదు. ‘ఇంకొక నాలుగురోజులు ఉంటే పోయేదేమున్నది?’ అనుకొంటూ ఫిబ్రవరి కూడా గడిపివేశాను.

ఈలోపున నొప్పి మొదలైంది. మొదట మూపు వెనుక చిన్న పోటు. తరువాత మోచేతిదాకా లాగుడు. పగలు ఎట్లాగో గడిచినా రాత్రి రెండుగంటల వేళకు తప్పనిసరిగా మెలకువ వచ్చేది. ఎడమవైపు నొప్పి కదా! ప్రతి రాత్రీ ఇది గుండెదే అనుకొని భయపడేవాణ్ణి. ఒకసారి మా ఆవిడను లేపకుండా, చీకట్లో నాడి పట్టుకొని తెల్లవారేదాకా లెక్కపెడుతూ కూర్చున్నాను. నాడి నిక్షేపంగా ఉన్నది. అయినా లెక్క ఆపడానికి ధైర్యం చాలలేదు.

రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు, యంత్రాన్ని పరీక్షించారు. తీగలు పెట్టినచోటనే ఉన్నవి. గాయం దగ్గర వాపు లేదు, ఎరుపు లేదు, చీము లేదు, జ్వరం లేదు. ఇట్టి పరీక్షలు చేయించుకోకుండా నొప్పిని తనంతట తాను తేల్చుకోవడం ఎవరికీ మంచిది కాదు. నేను వెళ్ళినందుకు వారు విసుగుకోలేదు. గుండెలో దోషమేమీ లేదని రెండవసారి కూడా తేల్చి, నన్ను వ్యాయామచికిత్స చేసే గదికి పంపారు.

అక్కడ ఉన్నది మా అమ్మాయి ఈడు పిల్ల. నా చేతిని మెల్లగా పక్కకు ఎత్తబోయింది. అది ఛాతీ ఎత్తుకు కూడా రాలేదు. “బాబూజీ, డాక్టరుగారు మీకు ఏమని చెప్పారు? వారి మాటలలోనే చెప్పండి” అన్నది. చెప్పాను. “ఎత్తవద్దన్నారు గాని, కదపవద్దన్నారా?” అని అడిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకొన్నాడట. నాకు ఆ యోగం కూడా లేదు. తడుముకోవడానికి ఒక చెయ్యి లేవదాయె! ఇంటికి వచ్చి కాగితం వెదికి తీశాను. ఎత్తవద్దన్న వాక్యం కింద ఇంకొక వాక్యం ఉన్నది: వేళ్ళూ మోచెయ్యీ మూపూ రోజూ తేలికగా కదుపుతూ ఉండవలెనని. కాగితం చేతికి వచ్చిననాడు నేను ఆ పంక్తి దాకా చదవనే లేదు. మరొక అనువాదకుడు ఇట్లా ఒక పంక్తి వదలివేసి ఉంటే నేను ఎన్ని మాటలు అందునో!

ఆ పిల్ల చెప్పినదాని సారాంశం ఇది. తీగల కొనలు గుండె గోడకు తగిలించి ఉంటాయి. మొదటి కొన్ని వారాలలో అక్కడి కణజాలం ఇంకా వాటి చుట్టూ అల్లుకొనదు. అప్పుడు చెయ్యి గట్టిగా పైకి లాగితే కొన జారవచ్చు. అందుకే ఆ నిషేధం. తరువాత పట్టు కుదురుతుంది. కాని మూపు కీలు చుట్టూ ఒక పొర ఉన్నది. ఆ కీలును వారాల తరబడి కదపకపోతే ఆ పొర దళసరి అయి ముడుచుకొని బిగుసుకొనిపోవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఏ కారణమూ లేకుండానే ఇది రావడం కద్దు. ఇక నాబోటివారు కోరి తెచ్చుకొంటారు. మొదట నొప్పి, తరువాత బిగువు, ఆ తరువాత మెల్లగా సడలడం. దీని నడక అది. నెలలు పడుతుంది, ఒక్కొక్కరికి ఏళ్ళూ పట్టవచ్చు.

ఆ గదిలో విద్యుత్తుతో నడిచే చికిత్సాయంత్రాలు రెండు మూడు ఉన్నవి. వాటిలో వేటినీ ఆమె నా దగ్గరకు రానీయలేదు. వైద్యుని అనుమతి లేకుండా పేస్‌మేకర్ ఉన్నవారికి వాటిని వాడరాదట. ఎక్కడికి వెళ్ళినా ముందుగా ఈ సంగతి చెప్పుకోవలెనన్నది. నాకు ఆమె ఇచ్చినవి పేదల మందులు. యంత్రానికి దూరంగా, మూపు వెనుక వేడినీళ్ళలో పిండిన తువ్వాలు. బల్లమీద కుడిచెయ్యి ఆనించి వంగి, ఎడమచేతిని లోలకంవలె ఊపడం. గోడ కెదురుగా నిలిచి సాలీడు పాకినట్లు వేళ్ళతో పైకి ఎక్కడం. లాగుతున్నట్లు ఉన్నంతవరకు పోవచ్చును. పొడిచినట్లైతే ఆగవలెను. రాత్రంతా సలిపితే మరునాడు తగ్గించవలెను.

ఈ మూడు నియమాలూ నాకు అర్థమైనవి. అయినా మొదటి వారంలో గోడ ముందు నిలిచి చెయ్యి పైకి పంపబోతే, లోపల తీగ తెగుతుందేమో అన్న భయం మునివేళ్ళను పట్టి ఆపేది. ఆ రోజులలో స్వీడన్ దేశస్థుడు ఆర్నె లార్సన్‌ను గూర్చి చదివాను. 1958 అక్టోబరు 8న ప్రపంచంలో మొట్టమొదట పేస్‌మేకర్‌ను శరీరంలో అమర్చుకొన్నవాడు ఆయనే. సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు అమర్చాడు. ఎల్మ్‌క్విస్ట్ అనే యంత్రశాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. ఆ మొదటి పెట్టె కొన్ని గంటలే పనిచేసింది. ఆ తరువాత ఆయన బ్రతుకులో ఇరవైకి పైగా యంత్రాలు మారినవి. తనను బ్రతికించిన వారిద్దరూ పోయిన తరువాత, 2001లో, 86వ ఏట కన్నుమూశాడు. యంత్రం ఆయన బ్రతకడానికి పనికివచ్చింది. నేను నా బ్రతుకును యంత్రానికి కాపలా పెట్టాను.

గోడమీద నా వేళ్ళు చేరినచోట మా ఆవిడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేది. మార్చి 20న మొదటి గీత, నా గడ్డం ఎత్తున. ఏప్రిల్ అంతా ఆ గీతలు ఒకదానిమీద ఒకటి పడినవి, అంగుళమైనా జరగలేదు. ఒకనాడు నేను కోపంతో పెన్సిలు విసిరివేస్తే, “మీరు ఒక్క వాక్యానికి మూడురోజులు కూర్చొన్నప్పుడు నేనేమైనా అన్నానా?” అన్నది. నేను మారుమాట లేక పెన్సిలు ఏరి తెచ్చి ఇచ్చాను. జూన్‌లో గీత కనుబొమ్మలు దాటింది. వానలు వెనుకబట్టే వేళకు నా అంతట నేను చొక్కా తొడుక్కొన్నాను. రాత్రి మెలకువ వచ్చినా నాడి లెక్కపెట్టడం మానివేశాను. ఎప్పుడు మానానో తెలియదు.

నిఘంటువులు బల్లకింది నుంచి నడిమి అరకు వచ్చినవి. పై అర ఇంకా నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నది. 2023 దీపావళికి ఇంటివారు మా వాటాకు సున్నం వేయించారు. నేను అచ్చుప్రతి దిద్దుకొంటూ లోపల ఉన్నాను. నడవలో మా ఆవిడ పనివానితో తన హిందీలో చెబుతున్నది: “భయ్యా, ఈ గోడమీద ఇంతమేర వదలిపెట్టు. ఇక్కడ ఇంకా పని ఉన్నది.”