మందుల వరసలోనే ఉండనివ్వండి

టెక్సస్ శాసనసభ 2025 సమావేశాల కోసం హెచ్‌బీ 1549 అనే బిల్లు ఒకటి వచ్చింది. వైబ్రేటర్ల లాంటి సాధనాలను వాల్‌మార్ట్, టార్గెట్, సీవీఎస్ వంటి మామూలు దుకాణాల్లో అమ్మకూడదు, పెద్దలకు మాత్రమే అని నడిచే ప్రత్యేకమైన కొట్లలోనే అమ్మాలి అన్నది దాని సారం. సరుకులకి వెళ్లిన పిల్లల కంట ఇవి పడకూడదన్నది దాన్ని సమర్థించేవారి వాదన. జూన్ 2న సమావేశాలు ముగిశాయి. బిల్లు చట్టం కాలేదు.

అయితే బావుండేదే అన్నవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు. ఫ్రిస్కోలో ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. "ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తారు. వాళ్లని వెంటబెట్టుకుని టూత్‌పేస్టు కోసం వెళ్తే రెండు అడుగుల దూరంలో అవి. మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అని ఒకావిడ అడిగింది. పక్కన కూర్చున్నవాళ్లంతా నిజమే అన్నారు. నాకు మాత్రం నిజమనిపించలేదు. పిల్లలు చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి అక్కడ మాట పెంచలేదు. ఇక్కడ వివరంగా చెబుతాను.

నేను ఫార్మసిస్టుని. విశాఖలో బీఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి పరీక్షలు రాసి, డల్లస్ శివార్లలో ఒక పెద్ద దుకాణంలో మందుల కౌంటర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. ఇప్పుడు గొడవ జరుగుతున్న షెల్ఫ్ మా కౌంటర్‌కి ఎదురుగానే ఉంటుంది. కండోమ్‌లు, లూబ్రికెంట్లు, గర్భనిర్ధారణ కిట్లు, అత్యవసర గర్భనిరోధక మాత్రలు వరసగా ఉంటాయి. 2024 మార్చి నుంచి డాక్టర్ చీటీ అక్కర్లేని రోజువారీ మాత్ర ఓపిల్ కూడా వాటిలో చేరింది. చివర్న నాలుగైదు చిన్న అట్టపెట్టెలు. వాటి మీద బొమ్మలేవీ ఉండవు. బిల్లు పెట్టింది ఆ చిన్న పెట్టెల మీదే. లూబ్రికెంట్ల జోలికి గానీ, కండోమ్‌ల జోలికి గానీ అది రాలేదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఆ షెల్ఫ్ దగ్గరికి ఎవరొస్తారని మీరనుకుంటున్నారు? కుర్రకారు వస్తారు, నిజమే. వాళ్లు గబుక్కున తీసుకుని సెల్ఫ్ చెకౌట్‌లో డబ్బు కట్టి వెళ్లిపోతారు. నిలబడి, వెనక రాసిన చిన్న అక్షరాలు చదివి, తీసినది మళ్లీ పెట్టేసి, ఇంకో చుట్టు తిరిగి వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువగా నలభై అయిదు దాటిన ఆడవాళ్లు. వాళ్లలో మనవాళ్లూ ఉంటారు. జనం పలచబడ్డాక కౌంటర్ చివరికి వచ్చి, నా బ్యాడ్జి మీద పేరు చూసి, "తెలుగేనా అమ్మా? ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవు కదా" అంటారు. మొదట అడిగేది గ్యాస్ మాత్ర గురించో, కాల్షియం గురించో అయివుంటుంది. అసలు మాట ఆ తర్వాత వస్తుంది.

నెలసరి ఆగిపోయాక ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. యోని గోడలు పలచబడి పొడిబారతాయి. కలయిక నొప్పిగా మారుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు మాటిమాటికీ వస్తాయి. ఈ వయసు ఆడవాళ్లలో సుమారు సగం మందికి ఇది ఎంతో కొంత ఉంటుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం కొన్నేళ్లకి తగ్గిపోతుంది. ఇది అలా తగ్గదు, పట్టించుకోకపోతే పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స చేయించుకున్నవాళ్లకి ఇంకా కష్టం. హార్మోన్ మందులు వాడే ముందు డాక్టర్లు వాళ్లకి మాయిశ్చరైజర్, లూబ్రికెంట్ వాడి చూడమంటారు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి నరాలు దెబ్బతిని స్పర్శ మందగిస్తుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు కూడా ఆ సుఖాన్ని తీసేస్తాయి. అలాంటివాళ్లకి వైబ్రేటర్ వాడి చూడమని చెప్పే డాక్టర్లు ఈ దేశంలో ఉన్నారు. షుగరూ మెనోపాజూ లేని తెలుగిల్లు ఎక్కడుంది? ఇవి మన అమ్మల, అక్కల, అత్తల కష్టాలు. వాళ్లు వీటిని ఎవరితోనూ అనరు. మొగుడితో కూడా అనరు. వేరే గదిలో పడుకోవడం మొదలుపెడతారు, నడుంనొప్పి అని చెబుతారు.

ఇప్పుడు ఆ పెట్టెల్ని ఇక్కడి నుంచి తీసేసి ప్రత్యేకమైన కొట్లలో పెట్టామనుకోండి. ఆ కొట్లు ఎలా ఉంటాయో ఇక్కడ కారు నడిపేవాళ్లందరికీ తెలుసు. హైవే పక్క సర్వీసు రోడ్డు మీద కిటికీల్లేని గోడలు, నియాన్ అక్షరాలు. బడులకీ చర్చిలకీ ఇళ్లకీ ఇంత దూరంలో ఉండాలని నగరాలు నిబంధన పెడతాయి కాబట్టి అవి ఊరి అంచునే ఉంటాయి. యాభై అయిదేళ్ల తెలుగావిడ చీకటిపడ్డాక కారేసుకుని అక్కడికి వెళ్తుందా? చావనైనా చస్తుంది గానీ వెళ్లదు. మర్యాద పేరు చెప్పి ఆ వస్తువుని అందరిలోకీ మర్యాదైన చోటు నుంచి, ఏమాత్రం మర్యాద లేని చోటికి పంపమంటున్నాం. నా అభ్యంతరమంతా ఇదే. తలదించుకోకుండా ఒక ఆడది నడవగలిగే చోటు మందుల వరస. పాల డబ్బా, కొత్తిమీర కట్ట, బీపీ మాత్రల మధ్య ఆ పెట్టె కూడా బుట్టలో పడి ఇంటికి వెళ్తుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చుగా అంటారు. తెప్పించుకోవచ్చు, చాలామంది తెప్పించుకుంటున్నారు కూడా. కానీ మనవాళ్ల ఇళ్లలో కొడుకు అకౌంటు, కోడలి కార్డు, గుమ్మం దగ్గర పార్సిల్ విప్పే మనవడు ఉంటారు. వీసా మీద వచ్చి, సొంత కార్డు లేకుండా ఉండే ఆడవాళ్లు ఎందరో. వాళ్ల చేతిలో ఉండేది సరుకుల కోసం ఇచ్చిన నగదు.

టెక్సస్‌కి ఈ విషయంలో పాత కథ ఉంది. ఇలాంటి సాధనాలు అమ్మడమే నేరమని 1970ల నుంచీ ఇక్కడి చట్టంలో ఉంది. ఆరు, అంతకన్నా ఎక్కువ దగ్గరుంటే అమ్మడానికే పెట్టుకున్నారని లెక్క. 2003 నవంబర్‌లో ఫోర్ట్‌వర్త్ పక్కనున్న బర్లెసన్‌లో, ఒకప్పుడు టీచరుగా చేసిన ముగ్గురు పిల్లల తల్లిని దీనికిందే అరెస్టు చేశారు. దంపతుల్లా వచ్చిన మారువేషపు పోలీసులకి ఆమె వైబ్రేటర్ అమ్మింది. మరుసటి ఏడాది కేసు కొట్టేశారు. 2008 ఫిబ్రవరిలో అయిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమంది. పడకగదిలో ఇష్టపూర్వకంగా జరిగేదానిలో ప్రభుత్వానికి పనిలేదని 2003లో సుప్రీంకోర్టు లారెన్స్ కేసులో చెప్పినదాన్నే ఆధారం చేసుకుంది. అలబామాలో మాత్రం 1998లో తెచ్చిన నిషేధం చెల్లుబాటుగా నిలబడింది. 2007లో సుప్రీంకోర్టు దాని మీద కేసు వినడానికి ఒప్పుకోలేదు. అదే 1998లో మగవాళ్ల కోసం వయాగ్రాకి ఈ దేశంలో అనుమతి వచ్చింది. ఫుట్‌బాల్ ఆటల మధ్య టీవీలో ఇంటిల్లిపాదీ చూస్తుండగా అలాంటి మందుల ప్రకటనలు నడిచాయి. అత్తమామలతో కూర్చుని మనమూ చూశాం. మగవాడి సుఖాన్ని వైద్యమన్నాం, ఆడదాని సుఖాన్ని అశ్లీలమన్నాం. ఈ వయసులో దీన్ని నేను ఓర్చుకోలేకపోతున్నాను.

కండోమ్‌ల విషయంలోనూ ఒకప్పుడు ఇదే జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఫార్మసిస్టులు తప్ప ఇంకెవరూ వాటిని అమ్మకూడదు, అల్మరాలో కనబడేలా పెట్టకూడదు, ప్రకటన ఇవ్వకూడదు అని చట్టం ఉండేది. 1977లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చూసినవాళ్లలో కొందరికి ఇబ్బంది కలగడం అణచివేతకి చాలిన కారణం కాదంది.

ఇక అత్తమామల సంగతి. వాళ్లు ఇవి చూసి తట్టుకోలేరని మనం అనుకుంటున్నాం. వాళ్లు ఏ కాలంలో పెరిగారో గుర్తు చేసుకోండి. 1968లో భారత ప్రభుత్వం నిరోధ్‌ని జనంలోకి తెచ్చింది. మూడింటి పాకెట్టు పదిహేను పైసలు. దాన్ని పల్లెలకి మోసింది ఆస్పత్రులు ఒక్కటే కాదు. బ్రూక్‌బాండ్, హిందుస్థాన్ లీవర్ లాంటి టీపొడి, సబ్బుల కంపెనీల బళ్లే దాన్నీ మోశాయి. అందుకే కిరాణా కొట్లోకీ, కిళ్లీ బడ్డీలోకీ వచ్చింది. మా ఊరి కొట్లో సబ్బుల పక్కన ఆ పాకెట్లు ఉండేవి. గోడల మీద ఎర్ర త్రికోణం, దాని కింద చిన్న కుటుంబం చింతలేని కుటుంబం. బెల్లం కోసం వెళ్లిన పిల్లలం అవన్నీ చూస్తూనే పెరిగాం. దానివల్ల ఎవరమూ చెడిపోలేదు. ఇంట్లో అడిగితే "పెద్దవాళ్ల వస్తువులే, పద" అనేవారు. అక్కడితో సరి.

అది జనాభా తగ్గించడానికి, ఇది సుఖం కోసం అని ఎవరైనా అంటారు. నిజమే, తేడా అదే. సుఖం కోసమన్నప్పుడే మనకి గొంతు పట్టేస్తుంది. అందుకే ఇప్పటికీ మన ఊళ్లలో మెడికల్ షాపువాడు ప్యాడ్ల పాకెట్టుని న్యూస్‌పేపర్లో చుట్టి, నల్ల కవరులో పెట్టి ఇస్తాడు. అందులో సుఖం ఏముంది? ఒక్కదాన్ని దాచడం మొదలుపెడితే ఆడదాని ఒంటికి సంబంధించిన ప్రతిదీ నల్ల కవరులోకి వెళ్తుంది. అక్కడ కూడా గాలి కొంచెం మారుతోంది. 1964 నాటి కస్టమ్స్ నోటిఫికేషన్ చూపించి అధికారులు ఆపిన బాడీ మసాజర్లను నిషిద్ధ వస్తువులుగా చూడలేమని బొంబాయి హైకోర్టు 2024 మార్చిలో తీర్పిచ్చింది.

పిల్లల భయాన్ని నేను తీసిపారేయను. మా అమ్మాయి చిన్నప్పుడు ఒక పెట్టె చూపించి ఇదేంటమ్మా అంది. పెద్దవాళ్లు వాడుకునేది, నువ్వు పెద్దయ్యాక చెబుతాను అన్నాను. సరేనని సీరియల్ డబ్బాల వైపు పరిగెత్తింది. మళ్లీ ఇంకొన్నేళ్లకి అడిగినప్పుడు నిజం చెప్పాను. ఇదే ఊళ్లో బీరు, వైను పాల ఫ్రిజ్‌లకి దగ్గర్లో ఉంటాయి. వాల్‌మార్ట్‌లో వేటతుపాకుల తూటాలు అమ్ముతారు. వాటి ముందు నుంచి మన పిల్లలు రోజూ నడుస్తున్నారు. వాటి గురించి ఏ గృహప్రవేశంలోనూ నేను ఒక్క మాట వినలేదు.

దుకాణాలకి నేను చెప్పేదీ ఉంది. ఈ వైబ్రేటర్ల పెట్టెల్ని మిఠాయిల దగ్గర, డబ్బు కట్టే చోట పెట్టకండి. మందుల కౌంటర్‌కి ఎదురుగా, పిల్లల చూపుకి పైన ఉన్న అరలో పెట్టండి. పెట్టె మీద బొమ్మలొద్దు. ఏ పదార్థంతో చేశారో మాత్రం పెద్ద అక్షరాలతో రాయించండి. ఈ వస్తువుల భద్రతకి ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం 2021లో వచ్చింది. అయినా సరదా వస్తువు అని ఒక ముక్క రాసేసి, లోపల ఏ ప్లాస్టిక్ ఉందో చెప్పకుండా అమ్మే సరుకు బయట చాలా తిరుగుతోంది. రసీదు ఇచ్చే, ఫిర్యాదు తీసుకునే పెద్ద దుకాణం దాన్ని అడ్డుకోగలదు. హైవే పక్క కొట్టు అంత పట్టించుకుంటుందని నేను నమ్మను. ఇంకొకటి, దొంగతనాల భయంతో కొన్నిచోట్ల ఈ అరకి అద్దం వేసి తాళం పెడుతున్నారు. గంట నొక్కితే ఒక కుర్రాడొచ్చి తాళం తీసి, ఏది కావాలి అంటాడు. ఆ గంట నొక్కడానికి మా వయసు ఆడవాళ్లకి చెయ్యి రాదు. తాళాలు తీసేయండి.

టెక్సస్ శాసనసభ తర్వాతి మామూలు సమావేశాలు 2027 జనవరిలో. బిల్లులు అంతకుముందు నవంబర్ నుంచే వస్తాయి. ఇలాంటిది మళ్లీ వస్తే మీ ప్రాంతపు ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేసి, మందుల వరసలోనే ఉండనివ్వండని చెప్పండి. పౌరసత్వం లేకపోయినా, ఆ ప్రాంతంలో ఉండేవాళ్లెవరైనా ఫోన్ చేయొచ్చు. ఇక అక్కలకీ, పిన్నులకీ ఒక మాట. మందుల కౌంటర్‌కి ఒక చివర ఫార్మసిస్టుతో మాట్లాడడానికని వేరే కిటికీ ఉంటుంది. అక్కడికొచ్చి అడగండి. పేరు చెప్పక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.