వెనుక బెంచీ ప్రశ్న

2016 ఫిబ్రవరి 12వ తేదీ ఉదయం పత్రికలో ఒక వార్త చదివి పొంగిపోయాను. గురుత్వ తరంగాలు దొరికాయని అంతకు ముందు రోజు అమెరికాలో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నేనప్పుడు హైస్కూలులో సైన్సు మాస్టరును. కాఫీ అయినా పూర్తిగా తాగకుండా, పత్రిక చంకన పెట్టుకుని బడికి పోయాను. తొమ్మిదో తరగతిలో ఆనాటి పాఠం పక్కన పెట్టేసి ఈ సంగతే మొదలుపెట్టాను.

"చెరువులో రాయి వేస్తే నీటిమీద అలలు పుడతాయి గదా! అట్లాగే, ఎక్కడో ఆకాశంలో రెండు బ్రహ్మాండమైన బరువులు ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరిగితే చోటులోనే అలలు పుడతాయి. అల వచ్చినప్పుడు చోటు ఒకవైపు సాగుతుంది, రెండోవైపు కుంచించుకుపోతుంది. ఐన్‌స్టయిన్ ఈ మాట 1916లోనే అన్నాడు. నూరేళ్ళకు అది రుజువయింది," అని చెప్పాను.

వెనుక బెంచీలోనుంచి ఒక చెయ్యి లేచింది.

"మాస్టారూ! చోటే సాగితే అందులో ఉన్న స్కేలు కూడా సాగుతుంది గదా? మరి సాగినట్టు కొలిచేదెట్లా?"

తరగతి అంతా ఘొల్లున నవ్వింది. ఎందుకంటే, ఆ కుర్రవాడికి ఏ పరీక్షలోనూ మంచి మార్కులు వచ్చిన పాపాన పోలేదు. వాడి జేబులో ఎప్పుడూ గచ్చకాయలు ఉండేవి. వాటిని గచ్చుమీద బరబరా రుద్ది, పక్కవాడి చేతికి తాకించి, వాడు "అబ్బా!" అని ఎగిరిపడితే సంతోషించటం వీడి పని.

ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవటానికి నోరు రాలేదు. "అవన్నీ పెద్ద తరగతుల్లో చెబుతారు, కూచో," అన్నాను కసురుతున్నట్టుగా.

వాడు కూచున్నాడు. తరువాత రెండు వారాలు గడిచినా వాడి చెయ్యి మళ్ళీ లేవలేదు.

ఆ సంగతి నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉన్నది. రాత్రిళ్ళు కూచుని దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. అప్పుడు తెలిసింది, ఇటువంటి ప్రశ్న దగ్గర తలలు పట్టుకున్నవాళ్ళు సామాన్యులు కారని! ఐన్‌స్టయిన్ అంతటివాడే 1936లో రోజెన్ అనే ఆయనతో కలిసి, ఈ తరంగాలు లేవని ఒక వ్యాసం రాశాడు. అందులో పొరపాటు ఉన్నదని గ్రహించి మళ్ళీ దిద్దుకున్నాడు. ఆ తరువాత కూడా తగవు తెగలేదు. "లెక్కల్లో అలలున్నాయి, సరే. అవి నిజంగా దేన్నయినా కదిలించగలవా? శక్తిని మోసుకురాగలవా? లేక కాగితంమీదనే ఉంటాయా?" అని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు సందేహిస్తూ వచ్చారు.

ఆ సందేహానికి జవాబు ఒక సభలో దొరికింది. 1957 జనవరిలో, అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ అనే ఊళ్ళో, బ్రైస్ డివిట్, సెసిల్ డివిట్ అనే దంపతులు ఆ సభ జరిపించారు. దానికి రిచర్డ్ ఫైన్‌మన్ అనే ఆయన ఒక రోజు ఆలస్యంగా వచ్చాడు. విమానం దిగి టాక్సీ అడిగితే, ఏ విశ్వవిద్యాలయానికని ఎదురుప్రశ్న వచ్చింది. అటువైపు ఒకటి కాదు, రెండున్నాయి! ఆయనకు ఏదో తెలియదు. అప్పుడాయన ఒక ఉపాయం ఆలోచించి, నిన్న వచ్చినవాళ్ళలో పరధ్యానంగా "జీ-మ్యూ-న్యూ" అని మాట్లాడుకుంటూ పోయినవాళ్ళు ఎటు వెళ్ళారో తననూ అక్కడికే పంపమన్నాడు. గురుత్వాకర్షణ లెక్కల్లో అడుగడుగునా వచ్చే గుర్తు అది. టాక్సీలు పంపే మనిషికి ఇట్టే అర్థమయింది. ఆయనను చాపెల్ హిల్‌కు పంపాడు.

ఆ సభలో ఫెలిక్స్ పిరానీ అనే ఆయన, ఒక్క వస్తువును చూస్తూ కూచుంటే అల సంగతి తెలియదనీ, దగ్గరగా ఉన్న రెండు వస్తువుల మధ్య ఎడం మారుతున్నదా లేదా అని చూడాలనీ చెప్పాడు. ఫైన్‌మన్ దాన్ని చిన్నపిల్లలకు కూడా తెలిసేలాగు చేశాడు.

ఒక కడ్డీకి రెండు పూసలు గుచ్చి ఉన్నాయనుకోండి. పూసలు కొంచెం బిగువుగా, రాసుకుంటూ జరుగుతాయి. అల వచ్చింది. కడ్డీలోని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుచేత కడ్డీ సాగకుండా బిగబట్టుకుంటుంది. పూసలను పట్టి ఉంచేవాళ్ళెవరూ లేరు. కనక అవి అటూ ఇటూ జరుగుతాయి. జరిగితే కడ్డీని రాస్తాయి. రాస్తే వేడి పుడుతుంది. ఆ వేడి ఎక్కడిది? అల తెచ్చినదే! అంటే అల శక్తిని మోసుకువచ్చిందన్నమాట.

అది చదవగానే నాకు గచ్చకాయ గుర్తుకువచ్చింది! మావాడి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉన్నది. గట్టి స్కేలు చోటుతోబాటు సాగదు.

సభలో ఈ మాటలు విన్నవాళ్ళు ఊరుకోలేదు. అంతకు ముందు సందేహించిన బోండీ అనే ఆయన అదే సంవత్సరం ఇదే వాదాన్ని తన పద్ధతిలో ప్రచురించాడు. జోసెఫ్ వెబర్ అనే ఆయన పెద్ద అల్యూమినియం దిమ్మెలు తయారుచేసి, అల తగిలితే అవి కంపిస్తాయేమోనని కాచుకున్నాడు. 1969లో, అలలు దొరికాయని ప్రకటించాడు కూడాను. కాని ఇతరులు ఎంత వెతికినా వాళ్ళకు దొరకలేదు.

ఆ రోజుల్లోనే రైనర్ వైస్ అనే ఆచార్యుడు మసాచుసెట్స్‌లో ఈ పాఠాలే చెబుతున్నాడు. వెబర్ ప్రయోగం ఎట్లా పనిచేస్తుందని విద్యార్థులు అడిగితే ఆయనకు సరిగా బోధపడలేదు. ఆయన నాలాగా కసరలేదు. దిమ్మెలకు బదులు ఎడంగా ఉన్న రెండు వస్తువుల మధ్య కాంతిని పంపి చూస్తే ఏమవుతుందో ఆలోచించి, దాన్నే విద్యార్థులకు లెక్కగా ఇచ్చాడు. ఆ లెక్కే పెరిగి పెద్దదై లైగో అనే యంత్రమయింది. పూసలకు బదులు వేలాడే అద్దాలు, కడ్డీకి బదులు కాంతి. దాని ఒక్కొక్క చెయ్యి 4 కిలోమీటర్లు. అటువంటి యంత్రాలు రెండు, 3000 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి. 2015 సెప్టెంబరు 14న రెండింటికీ ఒకే అల తగిలింది. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన అల అది. ఆ చేతులు మారింది ఎంతనుకున్నారు? ప్రోటాను అడ్డుకొలతకన్నా కొన్ని వందల రెట్లు తక్కువ!

మర్నాడు ఉదయం ఇవన్నీ తరగతిలో చెప్పాను. ముందుగా, "ఆ రోజు నాకు జవాబు తెలియదు. తెలియక కసిరాను. తప్పు నాది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. వెనుక బెంచీవాణ్ణి పిలిచి, "ఏదీ, ఒక గచ్చకాయ ఇటు తే," అన్నాను. వాడు భయపడుతూనే తెచ్చాడు. దాన్ని బల్లమీద రుద్ది నా చేతికే తాకించుకుని, "అబ్బా!" అన్నాను. "ఇదేరా ఫైన్‌మన్ చెప్పిన వేడి!"

వాడు ఒక్క క్షణం ఆలోచించి అడిగాడు: "మరి, చోటు సాగితే కాంతి కూడా సాగదా, మాస్టారూ?"

ఈసారి నేను తడుముకోలేదు. "తెలియదు. ఇద్దరం కలిసి వెతుకుదాం," అన్నాను.

వారం రోజులు వెతికాం. యంత్రంలోకి క్షణక్షణమూ కొత్త కాంతి వస్తూనే ఉంటుందనీ, ఏ చేతిలోకి పోయిన కాంతి ముందుగా తిరిగివచ్చిందో, ఏది వెనుకబడిందో చూడటమే అందులోని కిటుకనీ తెలుసుకున్నాం.

చాపెల్ హిల్‌లో మొదలైన ఆ సభల వరుస ఇంకా సాగుతూనే ఉన్నది. 1997లో ఒకటి మన పుణేలోనే జరిగింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో వంటి యంత్రాన్ని కట్టటానికి మన ప్రభుత్వం 2023లో అనుమతి ఇచ్చింది. రేపు అక్కడ సభ జరిగితే, ప్రశ్నలు అడగటానికి మీలో ఎవరైనా వెళ్ళవచ్చు. అప్పటిదాకా చెయ్యి ఎత్తటం మాత్రం మానకండి.