ఏటిగట్టు మీద బొబ్బిలి కథ

పిల్లలూ, రాజమండ్రి నుంచి జొన్నాడ మీదుగా వస్తే, గౌతమీ గోదావరి వంతెన దిగగానే రావులపాలెం. కోనసీమకు ఇదే వాకిలి. ఇక్కడి మార్కెట్టులో కర్పూర, చక్కెరకేళి, బొంత గెలలు వరసలు తీరి ఉంటాయి. వాటి సంగతి ఇంకోసారి చెబుతాను. ఇవాళ నాతో ఏటిగట్టు మీదికి రండి.

నేను అయిదో తరగతి చదివే రోజుల్లో, సంక్రాంతి వెళ్ళాక, జంగం దంపతులు ఇద్దరు ఈ గట్టు పక్కన కథ చెప్పారు. మైకు లేదు. పెట్రోమాక్సు దీపం ఒక్కటే. ఆయన భుజాన తంబుర, వేలికి అందె, కాళ్ళకు గజ్జెలు. ఆవిడ చేతిలో గుమ్మెట. ఆయన కథ చెబితే ఆవిడ వంత పాడేది. జంగం కథలో భార్య వంత పాడడం పాత ఆచారమే. ఆ జంగం కథే తరువాత ముగ్గురు చెప్పే బుర్రకథ అయింది. దానికి దేశమంతా పేరు తెచ్చిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ రాత్రి 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథ. తాండ్ర పాపారాయుడు కత్తి పట్టుకుని విజయరామరాజు డేరాలోకి దూరబోతున్నాడు. మేము ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అక్కడ ఆయన గొంతు పోయింది! రెండుసార్లు దగ్గాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. కొందరు లేచి చాపలు చుట్టుకుంటున్నారు. సగం కథకు ధాన్యం ఎవరు పోస్తారు?

ఆవిడ గుమ్మెట ఆపలేదు. ఒక్క అడుగు ముందుకు వేసి కథ అందుకుంది. ఆయన పక్కకు జరిగి, తంబుర మీటుతూ చిందు వేశాడు. పాపారాయుడు డేరాలోకి వెళ్ళాడు. చాపలు మళ్ళీ పరుచుకున్నాయి!

తెల్లవారి ఊరివాళ్ళు చేటలతో ధాన్యం పోశారు. మా నాన్నగారు ఒక చక్కెరకేళి గెల ఇచ్చారు. నేను ఉండబట్టలేక, “నీకు కథంతా వచ్చా, అమ్మా?” అని అడిగాను.

“ఇన్నేళ్ళు పక్కన నిలబడి వింటున్నాను కదా, బాబూ!” అని నవ్వి, గుమ్మెట నా చేతికిచ్చింది.

అది మట్టి కుండే. ఒకవైపు తోలు బిగించి ఉంది, రెండోవైపు చిన్న మూతి. తోలు మీద కొడితే లోపలి గాలి కదిలి మోగుతుంది. అరచేత్తో ఆ మూతిని మూస్తూ తెరుస్తూ ఉంటే ధ్వని మారుతుంది. నేను కొడితే “డబ్” అంది. ఆవిడ కొడితే మాట్లాడింది.

అమెరికాలో బాంజో అనే వాద్యం ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు తొలి బాంజోలను ఎండిన ఆనపకాయ బుర్రకు తోలు బిగించి చేసుకున్నారు. చూశారా, అక్కడా బుర్రే! బేలా ఫ్లెక్, అబిగైల్ వాష్‌బర్న్ అనే దంపతులు ఇద్దరూ బాంజోలే వాయిస్తారు. వారి పాటల ఆల్బమ్‌కు 2016లో గ్రామీ బహుమతి వచ్చింది.

మీ ఇంట్లో ఖాళీ కుండ ఉంటే దాని మూతి మీద అరచేత్తో మెల్లగా తట్టి చూడండి. ముందు అమ్మనడిగి తీసుకోండి సుమా! నేను అడగకుండా తీసి రెండు పగలగొట్టాను.