పన్నెండడుగుల గదిలో సముద్రం!

పొడవు పన్నెండడుగులు, వెడల్పూ అంతే. మన ఇళ్లలో అయితే ఒక పడగ్గది. చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన ఆర్కిటెక్టు లె కార్బూజియేకి మాత్రం అదే వేసవి విడిది! ఫ్రాన్స్‌లో, మొనాకో పొరుగునే ఉన్న రోక్‌బ్రూన్ కాప్ మార్టాన్ ఊళ్లో మధ్యధరా సముద్రానికి ఎదురుగా ఉంటుందీ చెక్క గది. పేరు కబనాన్.

కోర్సికా దీవిలో విడిభాగాలుగా చేయించి, 1952లో ఇక్కడికి తెచ్చి బిగించారు. బయటినుంచి చూస్తే దుంగల గుడిసే. లోపల మాత్రం ఏదీ ఒక్క పనితో సరిపెట్టుకోదు. మంచం కిందే సొరుగులు. కూర్చునేందుకు కుర్చీలకు బదులు చెక్కపెట్టెలు... నిలబెడితే ఒక ఎత్తు, పడుకోబెడితే మరో ఎత్తు! కిటికీ మడత తలుపులకు లోపలివైపు అద్దాలు. వాటిలో సముద్రం కనిపిస్తుంటే గది ఇరుకన్న సంగతే గుర్తురాదు.

మరి వంటగది? అసలు లేదు. ఆనుకునే ఉన్న చిన్న హోటల్లోనే భోజనం. రాసుకోవడానికి కాస్త దూరంలో మరో చిన్న పాక. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బయట దొరికేదాన్ని ఆయన గదిలోకి తేలేదు. మనమేమో సోఫా కమ్ బెడ్ కొంటాం, పాత మంచాన్నీ ఉంచుకుంటాం. ఇక చోటెక్కడ మిగులుతుంది!

1965లో ఈ తీరంలోనే ఈతకు దిగి కన్నుమూశారాయన. 2016లో కబనాన్‌కు యునెస్కో వారసత్వ హోదా దక్కింది. చూడాలంటే ముందుగా బుక్ చేసుకుని, గైడుతో వెళ్లాలి.